ఛీ అక్క జింకు బకెట్టు

కప్పలంటే ఒళ్ళు జలదరించేవాళ్ళు లోకంలో కోటిమంది ఉంటారు. అలా జలదరించుకుంటూనే తొమ్మిదేళ్ళపాటు రెండు వందల కప్పలకు పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చిన మనిషి మాత్రం ఒక్కతే. ఆమె పనిచేసే మెదడు పరిశోధనశాలలో అందరూ ఆమెను ఛీ అక్క అనేవారు. తలుపు తీయగానే "ఛీ" అనేది. లైటు వేసి "ఛీ ఛీ" అనేది. మొదటి తొట్టిలో చెయ్యి పెట్టాక ఇక లెక్క ఉండేది కాదు. ఆ ఛీలన్నీ ఒకచోట పోగేస్తే భవనం మీద ఇంకో అంతస్తు లేచేదని వాచ్‌మన్ నవ్వేవాడు.

కప్పల గది నేలమాళిగలో ఉంది. ఎనిమిది గాజు తొట్లు, ఎప్పుడూ ఆరని నేల, ఒకే ఒక్క ఫ్యాను. వాసన ఎలాంటిదంటే, తడిసిన తువ్వాలును నెల రోజులు మూటకట్టి, అందులో మురిగిన గుడ్డు పగలగొట్టి, ఆ మూటను చేపల సంతలో ఆరేసినట్టు ఉండేది. ఒకసారి దారి తప్పి వచ్చిన ఈగ గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగింది. పోతూ పోతూ మిగతా ఈగలకు కూడా చెప్పింది కాబోలు, ఆ తర్వాత ఆ మెట్ల మీద ఈగ అన్నది కనబడలేదు.

ఆ కప్పలు కూడా మామూలువి కావు. వాటికి నాలుక లేదు. వేళ్ళకు నల్లటి గోళ్ళు ఉన్నాయి. ఒళ్ళంతా జిగురు. పట్టుకుంటే సబ్బు ముక్కలా జారిపోయి, పోతూ పోతూ చేతి నిండా చీమిడిలాంటిది వదిలిపోతాయి. అన్నిటికన్నా రోత పని ఇంకొకటి చేస్తాయి. పాత చర్మాన్ని చొక్కా విప్పినట్టు తలమీదుగా లాగి, అక్కడికక్కడే మింగేస్తాయి. ఛీ అక్క మొదటిసారి అది చూసిన రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికి తీసుకుపోయింది.

మరి ఆ పనిలో ఎందుకు ఉన్నట్టు? ఆమె కన్ను అలాంటిది. అసహ్యం ఎక్కువ ఉన్నవాళ్ళకే కుళ్ళు ముందు కనబడుతుంది. కప్పకు మత్తిచ్చి, కడుపు కాస్త కోసి తీసిన గుడ్లు గిన్నెలో ముద్దలుగా వచ్చేవి. ఒక్కో గుడ్డు ఆవగింజంత, సగం గోధుమ రంగు, సగం మీగడ రంగు. వాటి మీది పొర వదిలించి, కడిగి, చచ్చినవాటిని గాజు గొట్టంతో పీల్చి పారేయడం ఛీ అక్క పని. చచ్చిన గుడ్డు పగిలితే తెల్లటి సొన కారి పక్కవాటిని కూడా చంపేస్తుంది. ఆమె వెయ్యి గుడ్ల గిన్నె మీదకు వంగి, ముక్కు చిట్లించి, "ఇది ఛీ. ఇది ఛీ. ఇది బాగుంది. ఇది రేపటికి ఛీ అవుతుంది" అంటూ ఏరేది. రేపటికి అన్నది రేపటికి అయ్యేది. పై అంతస్తుల్లో ఎంత చదివినవాళ్ళకైనా ఆ జోస్యం రాలేదు.

ఇంటికి వెళితే ఆడపడుచు గుమ్మంలో చెయ్యి అడ్డం పెట్టి నిలబడేది. "పెరట్లో రెండు బకెట్లు పెట్టాను వదినా. అవి ఒంటి మీద పడ్డాకే నా కంట పడు" అనేది. తొమ్మిదేళ్ళుగా రోజూ అదే మాట. ఇంటాయన బస్సుల డిపోలో మెకానిక్కు. ఒళ్ళంతా డీజిల్ కంపు కొట్టుకుంటూ వచ్చి నేరుగా మంచం ఎక్కేవాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఆపలేదు.

ఆ గుడ్లు ఎందుకో ఛీ అక్కకు చెప్పింది డాక్టరమ్మ. పరిశోధనశాల అంతటికీ ఆవిడే పెద్ద. చేరిన కొత్తలో ఒకనాడు తొట్టి దగ్గరకు వస్తే ఛీ అక్క ఉండబట్టలేక అడిగేసింది.

"ఇంత రోత పని దేనికమ్మగారూ? మెదడు గురించి చూడాలంటే మెదడు చూసుకోవచ్చు కదా, ఈ కప్ప గుడ్లేంటి?"

"గుడ్డుకు సొంత బుర్ర లేదు అక్కా. ఏ వస్తువు రాత లోపల పెడితే ఆ వస్తువు చేసి ఒంటి మీద తగిలించుకుంటుంది. మేం మనిషి మెదడులో ఉండే కంతల రాత పెడతాం."

"కంతలా?"

"మెదడులో ప్రతి నరం అరవాలనే చూస్తుంది. ఎవరో ఒకరు నోరు మూయించాలి. ఆ పని ఈ కంతలది. గాబా అని ఒక రసం తగలగానే తెరుచుకుంటాయి. ఉప్పు రవ్వలు లోపలికి దూకుతాయి. నరం చల్లబడుతుంది."

"మా ఇంట్లో ఆ పని మా ఆడపడుచుది."

"ఆవిడ ఒక్కతే చేస్తుంది. ఇక్కడ ఐదు ముక్కలు కలవాలి," అని డాక్టరమ్మ తొట్టి అడుగుకు వేలు చూపించింది.

తొట్టి నీళ్ళు పోయే తూముకు ఒక చక్రం ఉండేది. ఐదు ముక్కలు ఒకదానిలో ఒకటి బిగిసి గుండ్రంగా నిలిచేవి. రెండు తెల్లవి, రెండు నల్లవి, ఒకటి ఎర్రది. నడుమ కంత.

"అచ్చం ఇలాగే. తెల్లవి ఆల్ఫా అనుకో, నల్లవి బీటా, ఎర్రది గామా. గామా కాస్త బిడియం మనిషి. మిగతావాటిని ఒకసారి పిలిస్తే వస్తాయి. దీన్ని పదింతలు పిలవాలి."

"రాకపోతే కంత మూతపడుతుందా?"

"అదే తమాషా. మిగతా నాలుగూ ఊరుకోవు. తమలోనే ఇంకోదాన్ని ఐదోదిగా కూర్చోబెట్టుకుంటాయి. కంత తెరుచుకుంటుంది కూడా. పైకి చూస్తే తేడా తెలీదు. నిద్రమందు వేస్తేనే తెలుస్తుంది. గామా ఉంటే కంత ఇంకా బాగా పారుతుంది, లేకపోతే ఉలకదు పలకదు."

ఛీ అక్క తల ఊపి, ఆ చక్రం మీద పట్టిన జిగురు చూసి, "ఛీ" అంది.

ఆ రాత రాసి గుడ్డులోకి ఎక్కించే మనిషిని సూదులాయన అనేవారు. వెంట్రుక కంటే సన్నటి గాజు సూదితో గుడ్డును పొడిచేవాడు. రెండు రోజులు ఆగి, ఇంకో రెండు సూదులు గుచ్చి, మీద గాబా పోసేవాడు. కంతలు తెరుచుకుంటే తెర మీద గీత లోయలా కిందికి దిగేది. ఆయన కోటు తెల్లగా, మడత నలగకుండా ఉండేది. ఛీ అక్క గిన్నె పట్టుకుని గదిలోకి రాగానే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆ రుమాలుకు కొట్టిన సెంటు కప్పల వాసనతో కలిస్తే పుట్టే మూడో వాసన ముందు, మొదటి రెండూ మల్లెపూలు.

అలాంటి సూదులాయన గదిలో ఒక నెలలో గీత దిగడం మానేసింది. మూడు వారాలు, రోజుకు పాతిక గుడ్లు. గాబా పోస్తే గీత చచ్చిన పాములా చదునుగా పడి ఉండేది. ఆయన సూదులు మార్చాడు, తీగలు మార్చాడు, కుర్చీ కూడా మార్చాడు. చివరకు నీళ్ళు అనుమానించాడు. మూడో అంతస్తులో బట్టీలో కాచి దించిన శుద్ధమైన నీళ్ళు తెచ్చి, సూదుల గదిలో పోయడం ఛీ అక్క పనే.

గురువారం మధ్యాహ్నం ఆమెను పిలిపించారు. సూదులాయన ఆమె బకెట్టును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"ఏవమ్మా, నీళ్ళు తెచ్చేది దీంట్లోనా?"

"అవును సార్. ప్లాస్టిక్‌ది పిడి ఊడిపోయింది. స్టోరాయన ఇదిచ్చాడు."

"రేకు మీద జింకు పూత ఉంది. శుద్ధమైన నీళ్ళు పోస్తే జింకు కరిగి దిగుతుంది. ఇటు చూడు."

బకెట్టు ముట్టని సీసా నీళ్ళతో కలిపిన ద్రావణం గుడ్డు మీద పారించి గాబా వేశాడు. గీత లోయలా దిగింది. అదే గుడ్డు మీద బకెట్టు నీళ్ళతో కలిపినది పారించాడు. గీత కదలలేదు.

"జింకు పోయి కంతలో కూర్చుంటోంది. మూడు వారాల పని నీ మురికి బకెట్టులో కలిసిపోయింది."

అంతసేపూ తలవంచుకుని విన్న ఛీ అక్క ఆ ఒక్క మాటకు తలెత్తింది. ఆమె ఒంటికి కంపు ఉందని లోకమంతా అంటుంది, ఆమే అంటుంది. మురికి అని ఎవరూ అనలేదు. కంపు తొట్టిది, కప్పది. మురికి మనిషిది.

"మురికి కాదు సార్. రోజూ మూడుసార్లు తోముతా."

"తోమే కొద్దీ పూత ఊడి ఇంకా దిగుతుంది," అన్నాడు ఆయన రుమాలు చాటు నుంచి.

డాక్టరమ్మ కళ్ళు నులుముకుంది. మూడు వారాలుగా ఆవిడకూ సుఖం లేదు. "చెప్పకుండా పాత్ర మార్చడం తప్పే అక్కా. శనివారం దాకా పని చూడు. సోమవారం నుంచి ఇంకెవరినైనా పెట్టుకుంటాం," అంది.

ఛీ అక్క మెట్లు దిగింది. దిగి, ఆ కప్పల మొహాలు చూసింది. రెండు వందల మొహాలూ ఏ భావమూ లేకుండా ఆమెనే చూశాయి. తొమ్మిదేళ్ళుగా ఈ గదిలోంచి ఎప్పుడు బయటపడతానా అనుకున్న మనిషి, ఇప్పుడు బయటపడే ఈ తీరు మాత్రం వద్దనుకుంది. మురికి మనిషి అన్న ముద్ర వేయించుకుని పోతే, రేపు ఎవరి గిన్నె ముట్టుకోనిస్తారు?

ఆ సాయంత్రం పెరట్లో రెండు బకెట్ల నీళ్ళూ పోసుకుని, మూడోది కూడా పోసుకుంది. ఆడపడుచు తువ్వాలు ఇస్తూ సంగతి లాగింది. విని ఒంటికాలి మీద లేచింది.

"మురికి అన్నాడా? నిన్నా? నిన్ను కంపు అనే హక్కు ఈ ఊళ్ళో నాకొక్కదానికే ఉంది. అదీ ఇంటిమనిషిని కాబట్టి."

"బకెట్టు నాదే కదా వదినా. జింకు దిగింది నిజమే. కళ్ళారా చూశాను."

"ఏ బకెట్టు? మీ డాక్టరమ్మ కాలికి తగిలిందే, అదేనా? ఆవిడ వారం రోజులు కుంటిందని నడిచి చూపించావు కూడా."

"అదే."

"అది వేసవిలో కదే. ఇప్పుడు నాలుగు నెలలు దాటింది. మరి పాడైంది మూడు వారాల కిందటేనా? మిగతా మూడు నెలలూ ఆ జింకు సెలవు మీద పోయిందా?"

ఛీ అక్క తల తుడుచుకోవడం ఆపింది.

శుక్రవారం పొద్దున రెండో తొట్టి మళ్ళీ నిండి పొర్లుతోంది. ఆ తొట్టి అంతే. దాని ఎర్ర ముక్క రెండేళ్ళ కింద విరిగిపోతే, దొరక్క, పాత చక్రంలోంచి ఒక నల్ల ముక్క తెచ్చి బిగించింది. చక్రం నిలబడింది, నీళ్ళూ పోయాయి. కానీ కప్పలు విడిచిన తొక్క ముక్కలు వారానికి రెండుసార్లు ఆ కంతలోనే అడ్డం పడేవి. మిగతా ఏడు తొట్లలోనూ అదే కప్ప, అదే తొక్క, ఎన్నడూ ఆగలేదు. ఎర్ర ముక్కకు లోపల చిన్న అంచు ఉంది. తొక్క ఆ అంచుకు తగిలి జారిపోతుంది, కంతలో కూర్చోదు.

ఆమె మోచేతి దాకా చెయ్యి దింపి చక్రం ఊడబీకింది. కంతలో బూడిద రంగు తొక్క, తల వెంట్రుకల్లా జిగురు తీగలు, ఒక చచ్చిన పురుగు. "ఛీ ఛీ ఛీ" అంది. నాలుగో ఛీ నోటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది.

తర్వాత జరిగింది ఆ భవనంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఛీ అక్క ఆ చక్రాన్ని కడగకుండా, అలాగే, జిగురు కారుతుండగా పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కింది. ఆమె వెనక మెట్ల మీద పడిన జిగురు గీతకు జారి ఒక గుమాస్తా రెండో అంతస్తు నుంచి ఒకటో అంతస్తుకు కూర్చునే చేరుకున్నాడట. డాక్టరమ్మ గదిలో సూదులాయన కూడా ఉన్నాడు. ఛీ అక్క చక్రాన్ని తెచ్చి తెల్ల కాయితాల మీద పెట్టింది. వాసనకు సూదులాయన కుర్చీతో సహా గోడ దాకా జరిగాడు.

"అక్కా, ఏంటిది," అంది డాక్టరమ్మ ముక్కు మూసుకుని.

"అమ్మగారూ, మీ కాలు వాచింది ఎప్పుడు?"

"కాలేంటి?"

"రేకు బకెట్టు తగిలి వాచింది కదా. వేసవిలో. వారం రోజులు కుంటుకుంటూ నడిచారు."

డాక్టరమ్మ చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి కిందికి పోయింది. "అవును. నా కూతురి పరీక్షలప్పుడు."

"అప్పట్నుంచీ అదే బకెట్టులో తెస్తున్నా. మూడు నెలలు గీత దిగింది. సార్ రోజూ ఈల వేసుకుంటూ పోయేవారు. నీళ్ళు మారలేదు, బకెట్టు మారలేదు, నేను మారలేదు. కంత మారిందేమో చూడండి." ఆమె ఆ మూడో నల్ల ముక్క మీద వేలు పెట్టింది. "మా రెండో తొట్టి ఇది. ఎర్ర ముక్క లేదు. నీళ్ళు పోతాయి. చెత్త వస్తే మాత్రం దీంట్లోనే కూర్చుంటుంది. ఎర్రది ఉన్న తొట్లలో కూర్చోదు."

డాక్టరమ్మ ముక్కు మీది చెయ్యి తీసేసింది. ఆ కంపు సంగతే మర్చిపోయినట్టు చక్రం మీదకు వంగింది.

"నిజమే," అంది మెల్లగా. "గామా లేని కంతనే జింకు అంత గట్టిగా మూసేది. గామా ఉంటే దానికి పట్టు చిక్కదు. నిన్న గీత మొత్తం చచ్చిపోయింది. అది చూసి నేనే అనుకోవాల్సింది." సూదులాయన వైపు తిరిగింది. "నిద్రమందు ఎప్పుడు వేసి చూశావు?"

సూదులాయన కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకున్నాడు. "పాత బ్యాచ్‌లో చూశాం మేడం."

"ఈ మూడు వారాల్లో?"

"చూడలేదు."

"పద."

ముగ్గురూ సూదుల గదికి నడిచారు. చక్రం ఛీ అక్క చేతిలోనే ఉంది. సీసా నీళ్ళలో గుడ్డు పెట్టి గాబా వేశారు. గీత దిగింది. గాబాతో పాటు నిద్రమందు వేశారు. గామా ఉంటే లోయ ఇంకా లోతు కావాలి. వెంట్రుకవాసి కూడా మారలేదు. ఇంకో గుడ్డు, అంతే. ఆరో గుడ్డు దగ్గర డాక్టరమ్మ చేతులు కట్టుకుంది.

"గామా గొట్టం తీసుకురా."

చలిపెట్టెలోంచి తెచ్చాడు. వేలి గోరంత గొట్టం, అడుగున ఒక చుక్క. దాన్ని కొలిచే యంత్రంలో పెట్టి చూస్తే రాత లేదు, ఏమీ లేదు. ఉత్త నీళ్ళు.

సూదులాయన రుమాలు మడతలు విప్పాడు, మళ్ళీ మడిచాడు. "అయిపోయింది మేడం. కొత్తది చేయాలంటే వారం పడుతుంది. గొట్టం గోడలకు కాస్త అంటుకుని ఉంటుంది కదా అని నీళ్ళు పోసి కడిగి వాడాను. కొంచెమైనా వస్తుందనుకున్నా."

"ఎన్నిసార్లు కడిగావు?"

"రోజూ."

ఛీ అక్కకు ఒళ్ళు గగుర్పొడిచింది. కప్ప తొక్క మింగడం చూసినప్పుడు కూడా ఇంత వికారం పుట్టలేదు. ఎవరో తాగేసిన గ్లాసులో నీళ్ళు పోసి, కడిగి, పాలని చెప్పి మూడు వారాలు పోస్తూ వచ్చాడు ఈ మనిషి. పైగా తెల్ల కోటు.

"ఛీ," అంది. తొమ్మిదేళ్ళలో మనిషిని చూసి ఆ మాట అనడం అదే మొదలు.

డాక్టరమ్మ మొహం ముడుచుకుపోయింది. "ఈ మూడు వారాల కాయితాలన్నిటి మీదా గామా ఉందని రాశావు. అవి ఈ గడప దాటి ఉంటే? ఏ మందు ఏ కంతకు పనిచేస్తుందో జనానికి తప్పు చెప్పేవాళ్ళం." ఆ కాయితాలు ఏరి ఒక్కొక్కటీ అడ్డంగా కొట్టేసింది. ఒక దాని మీద జిగురు అంటితే దాన్ని కొట్టేయకుండా వేళ్ళ కొసలతో పట్టుకుని చెత్తబుట్టలో వేసింది. "కొత్త గామా చెయ్యి. పదింతలు పెట్టు. ఈసారి సీసా నీళ్ళతో కాదు, ముందు అక్క బకెట్టు నీళ్ళతోనే చూద్దాం."

తర్వాతి వారం ఆ కొత్త గుడ్లు ఏరింది ఛీ అక్కే. సోమవారం నుంచి రావద్దన్న మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా గుర్తుచేయలేదు, వచ్చేసింది. గాబా వేస్తే గీత దిగింది. బకెట్టు నీళ్ళు పారించి మళ్ళీ వేస్తే కాస్త తక్కువగానైనా దిగింది. నిద్రమందు వేస్తే లోయ ఎంత లోతుకు పోయిందంటే, తెర కింద ఇంకో బల్ల వేయాల్సి వచ్చిందని వాచ్‌మన్ అంటాడు. వాచ్‌మన్ ఆ గదిలో లేడు. అయినా అంటాడు.

నీళ్ళు తేవడానికి కొత్త ప్లాస్టిక్ బకెట్టు వచ్చింది. పాత రేకు బకెట్టును పారేయబోతే డాక్టరమ్మ ఆపింది. సూదుల గదిలో దానికొక అర ఇచ్చారు. కొత్త గుడ్ల బ్యాచ్ ఏది వచ్చినా ముందు ఆ బకెట్టు నీళ్ళ పరీక్ష. గీత చచ్చిందా, గామా కూర్చోలేదన్నమాట. ఆ బకెట్టు తోమే పని, నింపే పని ఛీ అక్కదే. ఇంకెవరూ ముట్టుకోకూడదు.

సూదులాయన ఆరు నెలలపాటు రెండో తొట్టి తూము కడగాలని డాక్టరమ్మ తీర్పు. వారానికి రెండుసార్లు కోటు విప్పి, మోచేతి దాకా చెయ్యి దింపేవాడు. మొదటి రోజు రుమాలు ముక్కుకు పెట్టుకుంటే రెండో చెయ్యి చాలక, రుమాలు తొట్టిలో పడింది. ఒక కప్ప దాన్ని తలమీదుగా లాగి చూసి, వాసన నచ్చక వదిలేసింది.

ఒకనాడు ఆయన కొత్త గుడ్ల గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. "అక్కా, కాస్త బకెట్టు నీళ్ళు కావాలి," అన్నాడు.

ఛీ అక్క ఆయన చేతుల వంక చూసింది. గోళ్ళ సందున తూము జిగురు ఇంకా మెరుస్తోంది.

"ఛీ," అంది. "ముందు చేతులు కడుక్కో నాయనా. సబ్బు అక్కడుంది."